టారో నేర్చుకోవాలంటే ముందు బొమ్మ చూడండి

టారో, అంటే బొమ్మల కార్డులు తీసి వాటి అర్థం చదవడం, నేర్చుకుంటామని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, అర్థాలు బట్టీ పట్టొద్దు, బొమ్మ చూడండి.

మొదటి డెక్‌గా రైడర్-వెయిట్ అనే కార్డుల కట్ట తీసుకోండి. 1909లో వచ్చింది, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్, నంబర్ కార్డులకి కూడా పూర్తి సీన్లు వేసిందావిడ, కొత్తవాళ్లకి అందుకే ఇది సులువు. మొత్తం 78 కార్డులు, డెత్ లాంటి పెద్ద కార్డులు 22, వాటిని మేజర్ అర్కానా అంటారు, మిగతా 56 మైనర్, అందులో పేకముక్కల్లాగే నాలుగు రకాలు, వాండ్స్ (కర్రలు), కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు), ఒక్కోటీ 14. అసలు టారో 15వ శతాబ్దం ఇటలీలో పేకాట, జోస్యానికి బాగా వాడకం పెరిగింది 18వ శతాబ్దం ఫ్రాన్స్‌లో.

పొద్దున్నే ఒక్క కార్డు తీసి, పుస్తకం ముట్టుకోకుండా ఏం కనిపిస్తుందో నోట్‌బుక్‌లో రాయండి. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చిందనుకోండి, పడవలో ముసుగు కప్పుకుని వంగి కూర్చున్న మనిషి, పక్కన పిల్ల, వెనక నిలబడి గడకర్ర వేసేవాడు, ముందు ఆరు కత్తులు నిలువుగా గుచ్చి ఉంటాయి, ఒకవైపు నీళ్లు అలలు అలలుగా, రెండోవైపు నున్నగా. కష్టం నుంచి బయటపడుతున్నారు కానీ కత్తులు కూడా వెంటే వస్తున్నాయి కదా! ఫిషింగ్ హార్బర్ చూస్తూ పెరిగిన మన వైజాగ్ పిల్లలకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తర్వాతే పుస్తకం తెరవండి.

కాస్త చెయ్యి తిరిగాక మూడు కార్డులు పరవండి, ఇప్పుడు పరిస్థితేంటి, అడ్డేంటి, నేను చేయగలిగిందేంటి. పది కార్డులు పరిచే సెల్టిక్ క్రాస్ పద్ధతికి తొందరేం లేదు. "జాబ్ వస్తుందా రాదా" అని అడిగితే ఏమీ తేలదు, "ఇంటర్వ్యూకి నేనేం సరిచేసుకోవాలి" అంటే కార్డు మాట్లాడుతుంది. భవిష్యత్తు ముందే తెలిసిపోతుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి, దానికి రుజువుల్లేవు, ఒంట్లో బాలేకపోతే డాక్టర్ దగ్గరికే పంపండి.

డెత్ కార్డు వచ్చిందని ఇంట్లో వాళ్లు హడలిపోతే బొమ్మలో వెనక రెండు స్తంభాల మధ్య సూర్యుణ్ణి చూపించండి, అది ఏదో ఒకటి ముగిసి కొత్తది మొదలవడం గురించి. ఎవరి దగ్గరికైనా రీడింగ్‌కి, అంటే కార్డులు చూపించుకోడానికి, వెళ్తే ఫీజు ముందే అడగండి, "మీమీద చెడు ప్రయోగం ఉంది, పూజకి ఇన్ని వేలు కట్టండి" అన్నారా, వెంటనే లేచి వచ్చేయండి.

ఇంకోటి, మన ఊరి ఉక్కకి కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, చెమట చేత్తో కలపొద్దు, జిప్ కవర్లో పెట్టుకోండి. ఆర్కే బీచ్‌లో పరిస్తే గాలికి ఎగిరిపోతాయి, ఇంట్లోనే కూర్చోండి.