ఇంట్లోనే బండి కడుక్కుందాం – 4వ పాఠం: చైన్ (ముందు ఆ తెల్ల మచ్చల సంగతి)

ఈసారి నేరుగా చైన్‌లోకి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి బండి కడిగినవాళ్లు పంపిన ఫొటోలు చూశాక ధైర్యం చాల్లేదు. నల్ల ట్యాంకు నిండా తెల్ల చుక్కలు. "అన్నా, మా అమ్మ ముగ్గుకి చుక్కలు పెట్టినట్టుంది, గీతలు కలపడమే తక్కువ" అన్నాడు కావలి తమ్ముడొకడు.

తప్పులో సగం నాదే. "చివర్లో రెండు మగ్గులు ఆర్ఓ నీళ్లు పోయండి" అన్నాను గానీ ఏ పైపు నీళ్లో చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తట్టలేదు. ఆర్ఓ మిషన్‌కి తాగే నీళ్ల పైపొకటి, వేస్టు పైపొకటి ఉంటాయి. చాలామంది వేస్టు పైపు కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లే పోశారు. "ఎలాగూ పారబోసేవే కదా" అని!

ఆ నీళ్లేమిటో ఒకసారి లెక్క కడదాం. మీ బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 1200 అనుకోండి. మిషన్‌లోకి 3 లీటర్లు వెళితే 1 లీటరు మంచినీళ్లు, 2 లీటర్లు వేస్టు వచ్చాయనుకోండి. లోపలికి పోయిన ఉప్పు 3600 మిల్లీగ్రాములు. మంచినీళ్లలో 100 మిగిలింది. తక్కిన 3500 ఎక్కడికి పోతుంది? వేస్టులోకే. అంటే లీటరుకి 1750. బోరు నీళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. మచ్చ పోగొట్టడానికి మచ్చనే చిక్కగా కలిపి పోశారన్నమాట. ఆ నీళ్లతో బాత్‌రూమ్ కడగండి, బండి మీద మాత్రం వద్దు. తాగే పైపు నీళ్లు పోయడానికి మనసొప్పకపోతే వాన నీళ్లు పట్టుకోండి. అదీ లేదంటే బోరు నీళ్లే పోసి, ఆరకముందే తుడిచేయండి. నీళ్లు ఆవిరైపోయినా అందులోని కాల్షియం, మెగ్నీషియం పోవు, అక్కడే కూర్చుంటాయి. అందుకే నీడలో, పొద్దున్నే కడగమనేది. రోహిణి కార్తెలో పదకొండింటికి ట్యాంకు మీద అట్టు పోయొచ్చు, నీళ్లు ఆగుతాయా!

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. నేనైతే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత లుంగీ వాడతాను. ఏ గుడ్డైనా సరే, పొడి దుమ్ము మీద రుద్దొద్దు. గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి రోడ్డు మీద తిరిగే బండైతే మరీను, దాని మీద ఉండేది రాతి పొడి.

పడ్డ మచ్చలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి ఒక్క నిమిషం అద్ది, మంచినీళ్లతో కడిగేయండి. ముందు కనపడని మూల పరీక్షించుకోండి. అల్యూమినియం భాగాల జోలికి పోవద్దు. వారాల తరబడి ఎండలో కాలిన మచ్చ పెయింట్‌లోకి దిగి ఉంటే వెనిగర్‌కి లొంగదు, దానికి పాలిష్ కావాలి. ఆ పాఠం తర్వాత.

ఇక చైన్. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పండి. ఇంజిన్ నడుపుతూ గుడ్డ పట్టుకునే మెకానిక్కుల్ని చూసి నేర్చుకోవద్దు, వేళ్లు పోతాయి. మెత్తటి బ్రష్‌తో కిరోసిన్ రాసి మురికి వదిలించి, పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. పెట్రోల్ వద్దు. తర్వాత 90 నంబరు గేర్ ఆయిల్ కింది వరసకి లోపలి వైపు పడేలా చుక్కచుక్కగా వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైన మిగిలింది తుడవండి. స్ప్రేలు ఉన్నాయి గానీ నాకు గేర్ ఆయిలే ఇష్టం. టైరుకీ బ్రేకుకీ మాత్రం చుక్క తగలకూడదు. ఐదారు వందల కిలోమీటర్లకోసారి చాలు. కొత్తపట్నం బీచ్‌కో మైపాడుకో వెళ్లొస్తే మాత్రం అదే రోజు మామూలు నీళ్లతో కడిగి, ఆరాక ఆయిల్ వేయాలి. ఉప్పుగాలి ఆదివారం దాకా ఆగదు.

అభ్యాసం: నల్లటి స్టీలు మూత ఒకటి తీసుకుని బోరు, కుళాయి, ఆర్ఓ మంచినీళ్లు, ఆర్ఓ వేస్టు ఒక్కో చుక్క వేయండి. పక్కన పేరు రాసి ఎండలో ఆరనివ్వండి. వరసగా మూడు రోజులు అదే చోట అదే నీళ్లు వేసి, నాలుగో రోజు ఫొటో తీయండి. ఆ ఫొటో చూడకుండా ఎవరూ బకెట్ పట్టుకోవద్దు.