చిన్న విమానం క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనుమానం వస్తే

హైదరాబాద్ వాతావరణానికి హీటర్ వాడేదే అరుదు, మనకెందుకీ గోల అనుకోవద్దు. సెస్నా 172 లాంటి చిన్న విమానాల్లో ఇంజిన్ పొగ బయటికి పోయే మఫ్లర్ చుట్టూ ఉన్న రేకు తొడుగులో వేడెక్కిన గాలే హీటర్‌గా లోపలికి వస్తుంది. మఫ్లర్ పగిలితే ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగ), అందులోని కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితోనే వస్తాయి. ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) సందులున్నా, డోర్ సీళ్లు అరిగిపోయినా హీటర్ ఆపి ఉన్నా వస్తాయి.

కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, కానీ దాంతో వచ్చే ఎగ్జాస్ట్‌కి ఉండొచ్చు. ఎగ్జాస్ట్ కంపు, తలనొప్పి, మగత, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చెప్పింది మళ్లీ మళ్లీ అడగాల్సి రావడం, ఈ వాయువు తగిలితే రంగు మారే డిటెక్టర్ కార్డు నల్లబడటం... వీటిలో ఒక్కటి కనబడినా చాలు. ముందు మొద్దుబారేది బుర్రే కాబట్టి, రూఢి చేసుకునేదాకా ఆగకండి.

క్యాబిన్ హీట్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టండి. క్యాబిన్ ఎయిర్ నాబ్ బయటికి లాగి, రెక్కల మొదట్లోని వెంట్లు తెరవండి. కిటికీ ఆ తర్వాతే, అదీ మాన్యువల్ ఒప్పుకునే వేగంలోనే. కిటికీ తెరిచాక క్యాబిన్‌లో పీడనం తగ్గి ఎగ్జాస్ట్ ఇంకా ఎక్కువగా లోపలికి రావచ్చు. డిటెక్టర్‌లో అంకె పెరిగితే మూసేయండి. ఆక్సిజన్ ఉంటే పెట్టుకోండి. ఏటీసీకి పాన్ పాన్ (అత్యవసరం అని రేడియో పిలుపు) చెప్పండి, తల తిరుగుతుంటే మేడే (ప్రాణాపాయం అని పిలుపు). బేగంపేటకే వెళ్లాలని పట్టుబట్టకుండా, దగ్గర్లో దిగగలిగే చోట దిగండి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ని మాత్రం నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేస్తుంది, ఒళ్లు తూలుతున్నా 98 చూపించగలదు.

దిగాక ఇంజిన్ ఆపి అందరూ బయటికి రండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) రక్తపరీక్ష అని పేరు చెప్పి అడగండి. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికే 4-5 గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర. కాసేపు నీడలో కూర్చుని మళ్లీ ఎగిరే పని కాదది.

విషయం టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) రాసి విమానాన్ని పక్కన పెట్టించండి. ఇంజినీర్ మఫ్లర్ తొడుగు విప్పి, మఫ్లర్ లోపలికి గాలి పట్టించి, పైన సబ్బునీళ్లు రాస్తే పగులున్నచోట బుడగలొస్తాయి. తొడుగు విప్పకుండా పైపైన చూస్తే ఏమీ తెలియదు.

ఇంట్లో వాడే కార్బన్ మోనాక్సైడ్ అలారం విమానానికి పనికిరాదు, 70 పీపీఎంకి (గాలిలో పది లక్షల భాగాలకు 70) అది మోగడానికి గంట నుంచి 4 గంటలు తీసుకుంటుంది. రంగు మారే కార్డుకి గడువు తేదీ చూసుకోండి. వీలుంటే అంకె చూపించే ఎలక్ట్రానిక్ డిటెక్టరే కొనండి.