స్టోరేజ్‌లో ఎర్ర లైట్ వెలిగిందా? డిస్క్ మార్చడం ఎలా

ఆఫీసు ఫైళ్లన్నీ దాచే స్టోరేజ్ బాక్స్‌లో ఒక డిస్క్ పాడైనంత మాత్రాన డేటా పోదు. దాన్ని మార్చే తొందరలోనే పోతుంది. విజయనగరంలో ఆస్పత్రి అయినా, కాలేజీ అయినా, రాజాం వైపు ఫ్యాక్టరీ అయినా నాకు వచ్చే ఫోన్ ఒకటే: "ఎర్ర లైట్ వచ్చిందండి. తీసి మళ్లీ పెట్టాం. ఇప్పుడు ఏ ఫైలూ తెరుచుకోవడం లేదు."

ఎవరు తియ్యమన్నారు?

ముందు దగ్గర ఉండాల్సినవి

పాత డిస్క్‌కి సమానమైన లేదా అంతకంటే పెద్ద సైజు స్పేర్ డిస్క్, స్క్రూడ్రైవర్, టార్చ్, స్టిక్కర్లు, మార్కర్. డిస్క్‌లో డేటా రాసే పద్ధతులు రెండు, సీఎంఆర్, ఎస్ఎంఆర్. కొనేటప్పుడు సీఎంఆర్ రకమే అడగండి. ఎస్ఎంఆర్ రకం చవగ్గా వస్తుంది కానీ రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్క్ డేటాని మిగతా డిస్క్‌ల సాయంతో కొత్తదానిలో మళ్లీ రాసేటప్పుడు, నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది.

స్పేర్ బీరువాలో ఉండాలి. పోయాక వైజాగ్ నుంచి తెప్పిస్తామంటే నేను ఒప్పుకోను. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో బండి కదలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటే లేదు, ఇక కొరియర్ ఎక్కడిది?

అన్నట్టు, యూపీఎస్ కొంటే చాలదు. దాని కేబుల్ స్టోరేజ్ బాక్స్‌కి తగిలించి ఉండాలి. బ్యాటరీ అడుగంటుతోందని తెలిస్తే బాక్స్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. ఆ కేబుల్ ఇంకా కవర్లోనే ఉన్న చోట్లు బోలెడు చూశాను.

వారానికోసారి చూడాల్సినవి

అలర్ట్‌లు ఎవరూ తెరవని మెయిల్‌కి కాదు, ఇద్దరి ఫోన్లకి వెళ్లాలి. సోమవారం పొద్దున్నే స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టిక, తెరవండి. సాటా డిస్క్‌ల్లో పాడైన, చదవలేని చోట్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల పక్కన రా వాల్యూ గడిలో సున్నా ఉంటే సంతోషం. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ రోజులు లెక్కపెడుతున్నట్టే. డేటా వచ్చే దారిలో తప్పులు లెక్కపెట్టే 199 ఒక్కటే పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్క్‌ది కాదు, కేబుల్‌ది లేదా డిస్క్ కూర్చునే స్లాట్‌ది. జాగా 80 శాతం దాటితే సర్దడం మొదలుపెట్టండి. నెలకోసారి ఆదివారం రాత్రి స్క్రబ్, అంటే డిస్క్‌ల్లోని డేటా అంతా చదివి సరిచూసే పని, నడిచేలా పెట్టండి.

"స్లోగా ఉంది" అంటే డిస్క్‌నే అనుమానించకండి. స్విచ్ పోర్ట్ 1 గిగాబిట్ నుంచి 100 మెగాబిట్‌కి పడిపోయి ఉండొచ్చు. కాపీ వేగం సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంటే దాదాపు అదే. నెట్‌వర్క్ కేబుల్ మార్చండి, పని అయిపోతుంది.

అసలు పని: డిస్క్ తియ్యడం

ఇక్కడ నెమ్మదించండి. టీ తాగి రండి.

ఒక డిస్క్ పోయినా ఫైళ్లు నిలిచేలా చాలా డిస్క్‌లని కలిపి వాడే పద్ధతే రెయిడ్. రెయిడ్ 5లో ఒక్క డిస్క్ పోతే తట్టుకుంటుంది, రెండోది పోతే అంతా కూలుతుంది. రెయిడ్ 6 రెండు పోయినా నిలబడుతుంది. అందుకే నాలుగు డిస్క్‌లు దాటిన బాక్స్‌లో రెయిడ్ 6 తప్ప ఇంకోటి పెట్టకూడదు. జాగా వృథా అని వాదించేవాళ్లతో నేను మాట్లాడడం మానేశాను.

ఎర్ర లైట్ వెలిగిన క్షణం నుంచి మీ రెయిడ్ 5కి రక్షణ లేదు. కాబట్టి మొదట చెయ్యాల్సింది బ్యాకప్ చూడడం. ఉందో లేదో కాదు, నిన్నటి ఫైల్ ఒకటి అందులోంచి తీసి తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే ముందు ముఖ్యమైన ఫోల్డర్లు బయటికి కాపీ చెయ్యండి. రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లకి ఒక్కటే చెప్తాను: ఎవరో ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ అన్ని డిస్క్‌ల్లోంచీ శ్రద్ధగా డిలీట్ చేస్తుంది.

తర్వాత మిగతా డిస్క్‌ల రిపోర్ట్ చూడండి. అన్నీ ఒకేసారి కొన్నవే, ఒకే గదిలో ఒకే వేడికి తిరిగినవే. ఇంకోదాంట్లో 197 పెరిగి ఉంటే రీబిల్డ్ మధ్యలో అదీ పడిపోవచ్చు.

ఇప్పుడు డిస్క్ గుర్తుపట్టడం. సాఫ్ట్‌వేర్ "డిస్క్ 3" అంటే ఎడమ నుంచి మూడోదని కాదు. కొన్ని బాక్స్‌లు సున్నా నుంచి లెక్కపెడతాయి, రీబూట్‌తో పేర్లు మారేవీ ఉన్నాయి. నమ్మాల్సింది సీరియల్ నంబర్‌ని. బాక్స్ బిగించిన రోజే ప్రతి ట్రే ముందు సీరియల్ నంబర్‌లోని చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి అంటించాలి. స్టిక్కర్ లేకపోతే మెనూ నుంచి లొకేట్ లైట్, అంటే ఎంచుకున్న డిస్క్ ఏదో చూపించే లైట్, వెలిగించండి. అదీ లేకపోతే బాక్స్ స్పెసిఫికేషన్ చదివి స్లాట్ల వరుస తెలుసుకోండి, అంతే కానీ ఊహించకండి. పక్కన ఇంకొకరిని నిలబెట్టి నంబర్ పైకి చదివించండి. చాదస్తం అనుకున్నా సరే.

హాట్‌స్వాప్ బాక్స్, అంటే నడుస్తుండగానే డిస్క్ మార్చగలిగేది, అయితే ఆపకుండానే మార్చాలి. ఏళ్ల తరబడి తిరిగిన డిస్క్ ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు. ట్రేని అంగుళం లాగి ఆపండి. లోపల తిరుగుడు ఆగేదాకా అర నిమిషం ఆగి, అప్పుడు పూర్తిగా తియ్యండి.

పొరపాటున మంచి డిస్క్ లాగితే? ఇనిషియలైజ్, క్లియర్, కొత్త వాల్యూమ్, వీటిలో ఏదీ నొక్కకండి. ముందు అందరినీ ఫైళ్లలో రాయకుండా ఆపండి. బాక్స్ రాసుకునే లాగ్ (జరిగినవాటి చిట్టా) చదివి ఏ డిస్క్ ముందు బయటికి పోయిందో కాగితం మీద రాయండి. ముందు పోయినదానిలో ఉన్నది పాత డేటా. దాన్ని కలిపితే ఫైళ్లు పాడవుతాయి. చివర లాగిన దాన్ని అదే స్లాట్‌లో పెట్టి, ఫారిన్ కాన్ఫిగరేషన్ (డిస్క్ మీద మిగిలిన పాత రెయిడ్ అమరిక) కనబడితే ఇంపోర్ట్ చెయ్యాలి. చెయ్యి వణికితే ఇక్కడే ఆగి తెలిసినవాళ్లని పిలవండి.

రీబిల్డ్, ఆ తర్వాత

కొత్త డిస్క్‌ని స్లాట్‌లోకి నొక్కితే రీబిల్డ్ మొదలవుతుంది, లేదా మెనూలో మొదలుపెట్టాలి. 8 టీబీ డిస్క్‌కి సెకనుకి 200 ఎంబీ వేగం వచ్చినా 11 గంటలు. ఆఫీసు నడుస్తుంటే రోజు దాటుతుంది. శాతం కదలడం లేదని రీబూట్ చెయ్యకండి.

పూర్తయ్యాక స్క్రబ్ నడపండి, స్టిక్కర్ మార్చండి, బీరువాలోకి ఇంకో స్పేర్ కొనండి. తీసిన డిస్క్ పాత సామాన్ల వాడికి ఇవ్వకండి, ముఖ్యంగా ఆస్పత్రి వాళ్లు. డ్రిల్లింగ్ మెషిన్‌తో ప్లేట్ల దాకా రెండు మూడు చోట్ల చిల్లులు పెట్టి ఆ తర్వాత పారెయ్యండి.