రోజువారీ పనికి ల్యాప్‌టాప్: ముందు తెర, తరువాత ప్రాసెసర్

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ల్యాప్‌టాప్ కొనబోయే మనవాళ్లు చాలామంది ముందుగా అడిగేది ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ తీసుకోవాలా, ఐ7 తీసుకోవాలా అని. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, బ్రౌజరు, వీడియో సమావేశాలతో రోజు గడిచేవారికి ఆ ప్రశ్న చివరిది కావాలని నా దృఢమైన అభిప్రాయం. ప్రాసెసర్ పూర్తి బలం వారికి ఎప్పుడో గాని అవసరం రాదు; తెరను మాత్రం పని చేసినంతసేపూ చూస్తూనే ఉండాలి.

దుకాణంలో ఏదైనా తెలుగు పేజీ తెరిపించి, అక్షరాలను పెద్దవి చేయకుండా ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. 15.6 అంగుళాల తెర 1366×768 (అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు, అంటే చుక్కలు) అయితే అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లే ఉంటాయి కనుక ఒత్తులు అలుక్కుపోతాయి. అదే తెర 1920×1080 అయితే 141, 14 అంగుళాలదైతే 157 వస్తాయి. 1920×1200 తెర దొరికితే ఇంకా మంచిది. పట్టికలో మరికొన్ని వరుసలు ఒకేసారి కనిపిస్తాయి.

తరువాత తెరను పక్కనుంచి, పైనుంచి చూడండి. రంగులు మారిపోతే అది టీఎన్ రకం కావచ్చు, దాన్ని వదిలేసి, ఏ వైపు నుంచి చూసినా రంగులు అంతగా మారని ఐపీఎస్ రకం అడగండి. నీడపట్టు గదిలో 250 నిట్ల (తెర వెలుగుకు కొలమానం) వెలుగు సరిపోతుంది గాని, కిటికీ పక్కనో బాల్కనీలోనో కూర్చునేవారికి కనీసం 300, వీలైతే 400 ఉండాలి. మెరిసే గాజు కన్నా మ్యాట్ పూత మేలు. తెర ఎన్ని రంగులు చూపగలదో వివరాల పట్టికలో ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనే కొలమానాలతో చెబుతారు. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే రంగులు వెలవెలబోతాయి. పత్రాలకు అది అడ్డు కాదు, కాని చీరల ఫొటోలు పెట్టి అమ్మేవారు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదే తీసుకోవాలి. ప్రతి పిక్సెలూ తానే వెలిగే ఓఎల్ఈడీ తెర అందంగానే ఉంటుంది, అయితే వెలుగు తగ్గించినప్పుడు చాలా తెరల్లో కలిగే సూక్ష్మమైన మిణుకు కొందరి కళ్లకు పడదు.

ఇక వేగం సంగతి. 16 జీబీ ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడే మెమరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు) ఉంటే చాలు. పలుచని యంత్రాల్లో ర్యామ్‌ను తరచుగా బోర్డుకే అతికిస్తారు కాబట్టి, తరువాత పెంచుకోవచ్చులే అని 8 జీబీతో సరిపెట్టుకోకండి. ప్రాసెసర్ పేరు చివర ‘యు’ ఉన్నది, అంటే తక్కువ విద్యుత్తు వాడే రకం, ఈ పనికి సరిపోతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లలో మూడో అంకె గమనించాలి: 7520యు లోనిది పాతదైన జెన్ 2 నిర్మాణం, 7530యు లోనిది దాని తరువాతి జెన్ 3.

పాత యంత్రం కొనేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆపైది కావాలి.

ఒకే పేరుతో వేర్వేరు తెరలున్న యంత్రాలు అమ్ముడవుతుంటాయి. అందుకే మీరు చూసిన యంత్రం పూర్తి మోడల్ సంఖ్యను బిల్లు మీద రాయించుకుని, పెట్టె మీది సంఖ్యతో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.