చూపు లేనివారికి భవనం – 4వ పాఠం: ముందు ఆ చుక్కల టైల్స్ తీసేద్దాం

ఈసారి వాసనల గురించి చెప్పాల్సింది. కానీ పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ప్లాన్లు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. సగానికి పైగా ప్లాన్లలో లాబీ అంతా కాలికీ కర్రకీ తగిలే ఉబ్బెత్తు చుక్కల టైల్సే పరిచేశారు.

ఉబ్బెత్తు గీతల టైల్ తగిలితే ఆ గీతల వెంటే నడవొచ్చు. చుక్కలు తగిలితే ఆగాలి. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో తయారుచేసిన చుక్కల టైల్‌ను 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు దాటేచోట మొదటిసారి వేశారు. అంటే అది పుట్టిందే ప్రమాదం ఉన్నచోట. లాబీ మొత్తం 'ఆగు, ఆగు' అని చెబుతుంటే నిజంగా మెట్లు వచ్చినప్పుడు ఆ మాట ఎవరు వింటారు? ఒకరైతే చుక్కల్ని మొదటి మెట్టు మీదే వేశారు, అక్కడికి అడుగు పడ్డాక ఇక హెచ్చరిక దేనికి? మెట్టు అంచుకి 300 మిల్లీమీటర్ల ముందే ఆపేయండి, కాలు ఆగడానికి చోటుండాలి కదా. ఇంకొకరి గీతలు నేరుగా స్తంభంలోకే వెళ్లాయి. నేనైతే గీతలకు రెండు పక్కలా 600 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతాను, కుర్చీలతో సహా ఏదీ రానివ్వను. ఇంకో మాట, ఫ్లోరింగ్‌కి మ్యాచ్ అవ్వాలని బూడిదరంగు టైల్ వేయొద్దు. కొద్దిగా చూపున్నవాళ్లే ఎక్కువమంది, వాళ్లకి టైల్ పసుపు రంగే ఆధారం.

టైల్స్ కంటే గోడే నాకిష్టం. మెక్సికో సిటీలో ఆర్కిటెక్ట్ మౌరీసియో రోచా కట్టిన అంధుల కేంద్రంలో కాంక్రీటు గోడల మీద చెయ్యి అందే ఎత్తులో గీతలుంటాయి, తడిమితే ఏ భవనమో తెలుస్తుంది. మధ్యలో నీటికాలువ చప్పుడు దారి చెబుతుంది. గ్లాస్గోలోని హేజెల్‌వుడ్ స్కూల్లో పిల్లలు కార్క్ (సీసా బిరడాలు చేసే బెండు) తాపడం చేసిన గోడను పట్టుకుని నడుస్తారు, కార్క్ చేతికి వెచ్చగా తగులుతుంది. కార్పెట్ మాత్రం వేయకండి, కర్ర చప్పుడంతా మింగేస్తుంది.

అభ్యాసం: మీ ప్లాన్‌లో టైల్స్ అన్నీ చెరిపేయండి. గేటు నుంచి టాయిలెట్ దాకా అడుగడుగునా కాలికి, చేతికి, చెవికి ఏం అందుతుందో మాటల్లో రాయండి, బొమ్మ వద్దు. కళ్లకు గంతలు కట్టుకుని పరీక్షించొద్దు, దానివల్ల మీకు తెలిసేది భయం ఒక్కటే. ఏళ్లుగా కర్రతో నడుస్తున్నవారికి చదివి వినిపించండి, వారి సమయానికి డబ్బివ్వండి, 'తర్వాత ఎటు?' అని అడిగిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. టైల్స్ మళ్లీ వేయాల్సింది ఆ గుర్తుల దగ్గర, మెట్ల దగ్గర, లిఫ్ట్ తలుపు దగ్గర. ఇంకెక్కడ వేసినా పక్కనే కారణం రాసి పంపండి.