డాక్యుమెంట్ లేని పీర్-టు-పీర్ ప్రోటోకాల్‌ని విప్పడం ఎలా

సెంట్రల్ సర్వర్ లేకుండా చాట్, ఫైల్ షేరింగ్ చేసే యాప్‌లలో చాలావాటికి ప్రోటోకాల్ (యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు) ఎక్కడా రాసి ఉండదు. ఉన్నదల్లా ఒక క్లయింట్ (మన మెషీన్‌లో నడిచే యాప్), అది రాసినవాళ్ల జ్ఞాపకం. వాళ్లు వదిలేస్తే ఆ నెట్‌వర్క్‌కి కొత్త క్లయింట్ రాసే దారి మూసుకుపోతుంది, అందుకే ప్రోటోకాల్‌ని విప్పి రాసిపెట్టే పని ఎవరో ఒకరు చేయాలి.

ముందు మీ సొంత మెషీన్లు రెండు, వర్చువల్‌వైనా సరే, బయటి నెట్‌వర్క్ తగలకుండా కలపండి. వేరేవాళ్ల చాట్ మీ క్యాప్చర్‌లో (రికార్డు చేసిన నెట్‌వర్క్ డేటాలో) పడకూడదు, మీరు పంపే తప్పుడు ప్యాకెట్లకి (డేటా ముక్కలకి) వేరేవాళ్ల క్లయింట్ కూలిపోకూడదు. దీంట్లో రాజీ వద్దు.

నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని రికార్డు చేసే వైర్‌షార్క్ ఆన్ చేసి ఒకసారికి ఒక్క పనే చేయండి. నాలుగు ఇంగ్లీషు అక్షరాల మెసేజ్ పంపి క్యాప్చర్ సేవ్ చేయండి, మళ్లీ ఎనిమిది అక్షరాలతో పంపి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, మొదట్లో ఏదైనా బైట్ సరిగ్గా 4 పెరిగితే అది నిడివి అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత ఒక్క 'క' కలపండి. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దానికి 3 బైట్లు పడతాయి కాబట్టి, ఆ అంకె 3 పెరిగిందా 1 పెరిగిందా అన్నదాన్ని బట్టి ప్రోటోకాల్ బైట్లు లెక్కపెడుతోందో అక్షరాలు లెక్కపెడుతోందో తేలిపోతుంది.

పాత ప్రోటోకాల్స్ రూపం తెలిసి ఉంటే కన్ను త్వరగా పడుతుంది. గ్నుటెల్లా అనే ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్‌లో హెడర్ (మెసేజ్‌కి ముందు వచ్చే సమాచారం) 23 బైట్లు: 16 బైట్ల ఐడీ, మెసేజ్ రకం, టీటీఎల్ (ఇంకా ఎన్ని మెషీన్లు దాటొచ్చో), ఎన్ని హాప్‌లు (మెషీన్లు) దాటింది, చివర 4 బైట్ల నిడివి. ఇంకో ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్ ఈడాంకీలో మొదటి బైట్ 227, వెంటనే నిడివి. ఈ రెండింట్లోనూ నిడివి లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైట్ ముందు), బిట్‌టొరెంట్‌లో మాత్రం బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైట్ ముందు), కాబట్టి అంకె అర్థంపర్థం లేకుండా పెద్దగా వస్తే తిరగేసి చదవండి. డైరెక్ట్ కనెక్ట్ అనే ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్ పాత ప్రోటోకాల్ అయితే పూర్తిగా టెక్స్టే, ప్రతి కమాండ్ డాలర్ గుర్తుతో మొదలై నిలువు గీతతో ముగుస్తుంది.

బైట్లు ప్రతిసారీ పూర్తిగా మారిపోతున్నాయంటే ఎన్‌క్రిప్షన్ (తాళం లేనివాళ్లు చదవలేకుండా డేటాని మార్చడం) ఉన్నట్టే. అక్కడ ప్యాకెట్లతో కుస్తీ పట్టకండి. సోర్స్ కోడ్ దొరికితే మెసేజ్‌ని బైట్లుగా మార్చే ఫంక్షన్ దగ్గర లాగ్ పెట్టి, ఎన్‌క్రిప్ట్ కాకముందు బైట్లు చూడండి.

మెసేజ్ ఎవరు రాశారో రుజువు చేసే డిజిటల్ సంతకాల దగ్గర ఇంకా జాగ్రత్త. సెక్యూర్ స్కటిల్‌బట్ అనే పీర్-టు-పీర్ సోషల్ నెట్‌వర్క్‌లో సంతకం జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) టెక్స్ట్ మీద ఉంటుంది, ఆ టెక్స్ట్‌ని జావాస్క్రిప్ట్ ఏ క్రమంలో, ఎంత ఖాళీ వదిలి రాస్తుందో అచ్చంగా అలాగే రాయాలి, ఒక్క స్పేస్ తేడా వచ్చినా సంతకం చెల్లదు. వేరే భాషలో క్లయింట్ రాసేవాళ్లని నిజంగా ఏడిపించేవి ఇలాంటివే, కాబట్టి డాక్యుమెంట్‌లో వీటికి ఎక్కువ చోటు ఇవ్వండి.

రాసేటప్పుడు మీరు చూసింది వేరుగా, ఊహించింది వేరుగా గుర్తు పెట్టండి. క్లయింట్ వెర్షన్ నంబర్, అసలు క్యాప్చర్ ఫైళ్లు పక్కనే ఉంచండి. ఆ తర్వాత కోడ్ అసలు చూడని ఇంకొకరికి మీ డాక్యుమెంట్ మాత్రమే ఇచ్చి చిన్న క్లయింట్ రాయమనండి. వాళ్లు మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు డాక్యుమెంట్‌లోకి ఎక్కాలి.