మేడ మీద రేకుల గది వేడి ఎలా తగ్గిందంటే

మాది పల్నాడు. మేడ మీద ఇనుప రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ వేస్తే వడగాలే. కూలర్ కొనమన్నారు అందరూ. నేను ముందు కప్పు సంగతి చూశాను.

రేకు వేడిని అస్సలు ఆపదు. ఉష్ణ వాహకత, అంటే వేడి ఎంత సులువుగా దాటిపోతుందో చెప్పే సంఖ్య, ఉక్కుకు సుమారు 50, థర్మకోల్‌కు 0.035, కదలని గాలికి 0.026 (వాట్లలో, మీటరుకు, డిగ్రీకి). నిజానికి థర్మకోల్ పని కూడా గాలిని కదలకుండా పట్టుకోవడమే. తాటాకు కప్పు చల్లదనం, చలికి పిచ్చుక ఈకలు ఉబ్బించుకోవడం, అన్నీ అదే సూత్రం.

ముందు రేకుల స్క్రూల దగ్గర లీకులన్నీ మూయించాను. ఇది వదిలేయకండి. నీటి వాహకత 0.6, అంటే గాలికి ఇరవై రెట్లు పైనే. గడ్డి, దూది, గ్లాస్ వూల్ (గాజు పీచు) లాంటివి తడిస్తే ఇక పనికిరావు. తర్వాత పైన, ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్. కింద మూడు అంగుళాల ఖాళీ వదిలి, రెండు అంగుళాల థర్మకోల్, దాని కింద జిప్సం బోర్డు. థర్మకోల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి, దాన్ని బయటికి కనిపించేలా వదలకూడదు. ఖాళీలోని వేడిగాలి పోవడానికి రెండు చివరలా జాలీలు పెట్టించాను.

ఇప్పుడు మధ్యాహ్నం గదిలో కూర్చోగలుగుతున్నాం. అయితే ఇన్సులేషన్ చల్లబరచదు, వేడి రాకను నెమ్మదిస్తుందంతే. లోపలి వేడి పోవడమూ ఆలస్యమే, అందుకే పొద్దుగూకగానే కిటికీలన్నీ తెరుస్తున్నాం.